మినహాయింపు ఎంతవరకు?

సంపాదకులకు,

అయ్యా,

మత సంస్థల కొలువులు ఆ మతస్థులకే పరిమితం కావాలా అన్న చర్చ మా తిరుపతిలో తరచూ వినిపిస్తూనే ఉంటుంది. ప్రభుత్వోద్యోగాల్లో మత వివక్షను నిషేధించిన రాజ్యాంగం 16వ అధికరణమే, తన 5వ క్లాజులో, మత సంస్థ వ్యవహారాలకు సంబంధించిన పదవిలో ఆ మతస్థులే ఉండాలని చెప్పే చట్టానికి వీలు కల్పించింది. అర్చకుని విషయంలో దీనిపై పేచీ లేదు. చిక్కంతా అదే సంస్థ నడిపే ఆసుపత్రి, కళాశాల, వర్క్‌షాపు దగ్గరే.

అమెరికాలో 1964 నాటి పౌరహక్కుల చట్టం ఉద్యోగాల్లో మత వివక్షను నిషేధిస్తూనే మత సంస్థలకిచ్చిన మినహాయింపును 1972లో వాటి కార్యకలాపాలన్నింటికీ విస్తరించగా, మార్మన్ చర్చి నడిపే వ్యాయామశాలలోని భవన నిర్వహణ ఉద్యోగిని చర్చి నియమాలు పాటించే సభ్యుడని తెలిపే యోగ్యతాపత్రం లేదని తొలగించడం చెల్లుతుందని 1987లో అక్కడి సుప్రీంకోర్టు తేల్చింది. ఆ తీర్పు నాకు మింగుడుపడదు. మోటారు బాగుచేసే చేతికి మతంతో పనేమిటి? (ఇల్లు అద్దెకడిగితే ముందు కులం ఆరా తీసే ఊళ్లో ఈ ప్రశ్న కొందరికి వింతగా తోచవచ్చు.)

పూజాదికాలతో నేరుగా ముడిపడిన పదవులేవో చట్టమే పేర్కొని, తక్కినవాటిని అర్హతకు వదిలేయాలని, ఇప్పటికే పనిచేస్తున్నవారి సర్వీసుకు, పింఛనుకు భంగం కలగకుండా చూడాలని కోరుతున్నాను.

– విశ్రాంత ఉపాధ్యాయుడు, తిరుపతి