చేతిలో నాలుగు నోట్లు ఉండనీ

అమ్మలూ,

మొన్న ఆదివారం ఫోన్లో నువ్వన్న మాట మీదే నా ఆలోచనంతా. మన సందు చివరి ఏటీఎం ఎత్తేశారని చెబితే, "పోతే పోయిందిలే అమ్మా, ఇప్పుడు ఏటీఎంకి ఎవరెళ్తున్నారు, నాన్నమ్మకి కూడా ఒక స్మార్ట్‌ఫోన్ కొనిపెడతాను, అన్నీ అందులోనే నేర్పించేద్దాం" అన్నావు. ప్రేమతోనే అన్నావు, నాకు తెలుసు. కానీ నువ్వు చేసే ఉద్యోగమే కొట్లలో డబ్బు కట్టించుకునే సాఫ్ట్‌వేర్ తయారుచేయడం కదా, రేపు బెంగళూరులో మీ ఆఫీసులో మీరు తీసుకునే ఒక నిర్ణయం ఇక్కడ వైజాగ్ పూర్ణా మార్కెట్లో పూలమ్ముకునే ఆవిడ దాకా వస్తుంది. అందుకే వాట్సాప్‌లో రెండు ముక్కలు పెట్టి ఊరుకోకుండా కూర్చుని రాస్తున్నాను, కాస్త ఓపిగ్గా చదువు.

ముందే చెబుతున్నా, ఫోన్‌తో డబ్బు కట్టడానికి నేను వ్యతిరేకం కాదు. కరెంటు బిల్లు, గ్యాసు, మీ నాన్న బీపీ మాత్రలు అన్నీ ఫోన్లోనే కడుతున్నాను. 2016లో మొదలైన యూపీఐ 2025 ఆగస్టుకి ఒక్క నెలలో రెండు వేల కోట్ల లావాదేవీలు దాటిందంటే మాటలు కాదు, మనవాళ్లు చేసిన గొప్ప పని అది, నువ్వు ఆ రంగంలో ఉన్నావంటే నాకు గర్వంగానే ఉంటుంది. అయితే ఇంకో లెక్క కూడా చూడు. నోట్ల రద్దుకి ముందు దేశంలో తిరుగుతున్న నోట్ల విలువ సుమారు 18 లక్షల కోట్లు, 2025 మార్చికి అది 36 లక్షల కోట్లు దాటింది. ఇటు ఫోన్ చెల్లింపులు అంతగా పెరిగాయి, అటు నోట్లూ రెట్టింపయ్యాయి. నల్లడబ్బు అని కొట్టిపారేసేవాళ్లు ఉంటారు, అందులో కొంత అదీ ఉండొచ్చు, కానీ నువ్వు పుట్టకముందు నుంచి బ్యాంకు క్యాష్ కౌంటర్లో కూర్చున్నదాన్ని నేను. నోటు కోసం ఎవరొస్తారో వాళ్ల ముఖాలు చూసినదాన్ని. విత్‌డ్రాయల్ ఫారం మీద వేలిముద్ర వేసి, ఇచ్చిన డబ్బు అక్కడే నిలబడి ఒకటికి రెండుసార్లు లెక్కపెట్టుకుని, జాకెట్లో దోపుకుని వెళ్లే ఆడవాళ్లు వాళ్లు. నల్లడబ్బు వాళ్ల దగ్గర ఎక్కడుంటుంది చెప్పు.

2016 నవంబరు 8 రాత్రి నోట్ల రద్దు ప్రకటన వచ్చాక గడిచిన రోజులు నీకు గుర్తుండే ఉంటాయి, నేను ఇంటికి ఏ వేళకి వచ్చేదాన్నో కూడా. కూలి డబ్బు ఐదొందల నోటుగా చేతిలో ఉంది, అది చెల్లదు, మార్చుకుందామంటే పని మానుకుని లైన్లో నిలబడాలి. క్యూలో చివరి మనిషి దాకా వచ్చేసరికి నా డ్రాయర్లో క్యాష్ అయిపోయేది. లేదని చెప్పాల్సింది నేనే. డబ్బు తనదే అయినా చేతికి అందకపోతే మనిషి ఎలా అయిపోతాడో అప్పుడు దగ్గరగా చూశాను, అందుకే ఏటీఎం పోతే పోయిందిలే అన్న మాట నాకు అంత తేలిగ్గా మింగుడు పడదు.

నాన్నమ్మ సంగతికి వస్తాను. ఆవిడకి ఎనభై దాటాయి. తాతగారి పెన్షన్ పడగానే నేను తెచ్చిస్తే మంచం మీద నోట్లన్నీ పరుచుకుంటుంది. చూపు సరిగ్గా ఆనదు, అయినా లేత ఊదారంగుది వంద, పసుప్పచ్చది రెండొందలు, బూడిదరంగుది ఐదొందలు అని రంగూ సైజూ పట్టి చెప్పేస్తుంది. పాలకి ఇంత, మందులకి ఇంత, సింహాచలం అప్పన్న హుండీకి ఇంత, మనవలొస్తే చేతిలో పెట్టడానికి ఇంత అని వేరువేరుగా మడిచి ఒకటి దిండు కింద, ఒకటి దేవుడి గూట్లో, ఒకటి కొంగున. నెల సగం దాటాక ఏ మడత పలచబడిందో తడిమి చూసుకుని, "ఈ నెల ఆయాసం మందు ఎక్కువైందే" అంటుంది. అక్షరం ముక్క రాని మనిషి ఇంత పకడ్బందీగా నెల గడుపుతుంటే, దాన్నంతా తీసుకెళ్లి ఒక అద్దం మీద అంకెగా మార్చి, పాస్‌వర్డ్ పెట్టి, ఓటీపీ ఎవరికీ చెప్పకు నాన్నమ్మా అని రోజూ జాగ్రత్తలు చెబుతూ కూర్చోవడం ఎందుకు? ఆవిడకి దానివల్ల వచ్చేది సౌకర్యం కాదు, టెన్షన్. అంతకంటే ముఖ్యం, ప్రతి రూపాయికీ నన్నో మీ నాన్ననో అడగాల్సి వస్తుంది. ఇప్పుడు ఎవరినీ అడగదు.

అలాగని ఆవిడకి ఫోన్ పనికిరాదని కాదు. ఈమధ్య పెన్షన్ ఆగకుండా, బతికే ఉన్నానని చూపే లైఫ్ సర్టిఫికెట్ ఇవ్వాల్సి వచ్చింది. వేళ్ల మీద గీతలు అరిగిపోయి మిషన్ ఎంతకీ ముద్ర తీసుకోలేదు, ఆవిడ ఒకో వేలూ పమిట చెంగుతో తుడిచి మళ్లీ మళ్లీ పెడుతుంటే నాకు ఏడుపొచ్చింది. చివరికి నా ఫోన్లో ముఖం చూపించే పద్ధతిలో అయిపోయింది, 2021 నుంచి ఆ వీలు ఉంది. పనిచేసేది నేను, ఫోన్ నాది, ఆవిడ కదలకుండా పని జరిగింది. ఫోన్ అలా పక్కనుండి సాయం చేస్తే నాకెందుకు అభ్యంతరం? అది లేకపోతే నీ డబ్బు నీకు రాదు అనే దగ్గరే నా గొడవంతా.

మనింట్లో పనిచేసే ఆవిడ సంగతి కూడా విను. పక్క ఫ్లాట్ వాళ్లు జీతం ఫోన్లో వేసేస్తామన్నారు. వేశారు కూడా. ఫోన్ ఉండేది కొడుకు దగ్గర, మెసేజ్ వెళ్లేది కొడుక్కి. పైగా ఖాతాలో పడీ పడగానే ఆటో ఫైనాన్స్ వాయిదా కట్ అయిపోయింది, అది వాడు తీసుకున్న అప్పు, ఖాతా మాత్రం తల్లిది. మన దగ్గర మాత్రం నోట్లే ఇవ్వమని అడుగుతుంది. తీసుకున్న వెంటనే చీటీ డబ్బు వేరు చేసి, కూతురి ఫీజు వేరు చేసి, మిగిలింది ఎంతో అప్పుడు ఇంట్లో చెబుతుంది. తను కష్టపడ్డ డబ్బుని ముందు తను చూడాలనుకోవడం అత్యాశేం కాదు కదా. కీప్యాడ్ ఫోన్లతోనూ కట్టే పద్ధతి 2022 మార్చిలో తెచ్చారు, మంచిదే, కానీ ఆవిడ ఇబ్బంది ఫోన్ రకంతో కాదు. ఇంట్లో డబ్బు ఎవరి అదుపులో ఉంటుంది అన్నదానితో. ఇలాంటివి మీ మీటింగుల్లో ఎవరైనా మాట్లాడతారా?

ఇక ఏటీఎం. మన వైజాగ్ రిజర్వు బ్యాంకు లెక్కలో మెట్రో కాదు కాబట్టి సొంత బ్యాంకులో నెలకి ఐదుసార్లు, ఇతర బ్యాంకుల్లో ఐదుసార్లు ఉచితం. అవి దాటితే 2025 మే 1 నుంచి ప్రతిసారీ 23 రూపాయల దాకా, ఆపైన టాక్స్. నీలాంటి వాళ్లు ఒకేసారి పదివేలు తీసుకుంటారు, మీకు తెలియదు. ఖాతాలో ఎప్పుడూ రెండుమూడు వేలు కూడా ఉండని మనిషి ఐదొందల చొప్పున తీసుకుంటాడు, అలాంటివాడికి ఉచితం దాటాక వందకి నాలుగున్నర రూపాయలు పైగా పోయినట్టు. దగ్గర్లోని మిషన్ ఎత్తేస్తే తనకి కావలసింది ఇంకో బస్టాపు అవతల, అక్కడికి ఆటో ఛార్జీ వేరే. తీరా అక్కడికెళ్తే వచ్చేది ఐదొందల నోటు. అది పట్టుకుని మద్దిలపాలెంలో షేర్ ఆటో ఎక్కి ఇరవై ఇవ్వాలంటే డ్రైవర్ ముఖం ఎలా పెడతాడో నీకు తెలుసు. ఈ బాధ రిజర్వు బ్యాంకుకీ తెలిసినట్టుంది, వంద లేదా రెండొందల నోట్లు వచ్చేలా 2025 సెప్టెంబరు 30కల్లా 75 శాతం ఏటీఎంలు, 2026 మార్చి 31కల్లా 90 శాతం ఉండాలని బ్యాంకులకి 2025 ఏప్రిల్లోనే చెప్పింది. మనవాళ్లు పది రూపాయల బిళ్లని తీసుకోరు చూడు, అది చెల్లుతుందని అదే రిజర్వు బ్యాంకు 2018 జనవరిలో పద్నాలుగు డిజైన్లూ చూపించి మరీ చెప్పింది, అయినా రైతుబజార్లో బిళ్ల ఇస్తే ఇప్పటికీ వెనక్కి తోస్తారు. చిల్లర లేదని కూడా చాలామంది ఫోన్‌కి మారారు, అది ఇష్టపడి మారడం కాదు.

ఇంకో సంగతి, ఇది నువ్వు పేపర్లో చదివుంటావు. మన రాష్ట్రంలో సామాజిక పెన్షన్లు ఇంటికే తెచ్చి చేతిలో పెడతారు కదా. 2024 ఎన్నికలప్పుడు, ఇంటికి తెచ్చిచ్చే గ్రామ, వార్డు వాలంటీర్లతో పంచొద్దని ఎన్నికల సంఘం అన్నాక మే నెల డబ్బు చాలామందికి బ్యాంకు ఖాతాల్లో వేశారు. మే ఎండలు. ఖాతా ఏ బ్యాంకులో ఉందో గుర్తులేనివాళ్లు, ఏళ్ల తరబడి వాడక ఖాతా ఆగిపోయినవాళ్లు, పాస్‌బుక్ ఎక్కడో పోయినవాళ్లు, అందరూ ముసలివాళ్లే, బ్యాంకుల ముందు మెట్ల మీద. రిటైరైనా మనసు ఊరుకోక ఆ రోజు మన వీధి బ్యాంకుకి వెళ్లి ఫారాలు నింపి పెట్టాను. మెషిన్ లెక్కలో అందరికీ డబ్బు చేరిపోయినట్టే. మెట్ల మీద మాత్రం ఎవరికీ చేరలేదు. జులై 1న బకాయితో కలిపి ఏడు వేలు ఇళ్లకే తెచ్చి ఇచ్చారు, మన కింది పోర్షన్ తాతగారు గుమ్మంలోనే కూర్చుని తీసుకున్నారు. పార్టీల సంగతి నేను మాట్లాడటం లేదు. డబ్బు పంపడం వేరు, అందడం వేరు అని చెబుతున్నానంతే.

హుద్‌హుద్ తుపాను గుర్తుందా? 2014 అక్టోబరు 12. నువ్వు ఇంటర్లో ఉన్నావు. కరెంటు లేదు, సెల్ టవర్లు లేవు, రోడ్డంతా చెట్లు. ఏటీఎంలన్నీ చీకట్లో. పాల ప్యాకెట్టు ఎంత చెబితే అంత, అదీ చేతిలో డబ్బున్నవాళ్లకే. మీ నాన్న బీరువాలో చీరల కింద నేను దాచిన డబ్బుతో మనం, పైవాటా వాళ్లు, ఎదురింటి వాళ్లు వారం గడిపాం. అప్పటికి ఈ యూపీఐ ఇంకా రాలేదు. ఇప్పుడు అలాంటి తుపాను వచ్చి జేబులో ఒక్క నోటు కూడా లేని ఊరిని తాకితే? సముద్రం ఒడ్డున ఉన్నాం, ఇది ఊహ కాదు. తుపాను దాకా ఎందుకు, 2025 ఏప్రిల్ 12 శనివారం దేశమంతా యూపీఐ కొన్ని గంటలు ఆగినప్పుడు నేను మందుల షాపులో ఉన్నాను. ఒకతను ఇంజక్షన్లు కౌంటర్ మీద పెట్టించుకుని ఫోన్ తిరగేస్తూ మరగేస్తూ నిలబడిపోయాడు, లోపల ఆసుపత్రిలో ఆయన మనిషి. నా పర్సులో ఉండబట్టి కట్టాను, తరవాత తిరిగి పంపాడు. ఆ నెలలోనే స్పెయిన్, పోర్చుగల్‌లో కరెంటు మొత్తం పోయింది, కార్డులు పనిచేయక జనం నోట్ల కోసం తిరిగారు. నోటు దాదాపు మర్చిపోయిన దేశం స్వీడన్, అక్కడి ప్రభుత్వమే 2024లో ఇంటింటికీ పుస్తకం పంపి కనీసం వారానికి సరిపడా నగదు దగ్గర ఉంచుకోమంది. వాళ్లు మనకంటే ముందే వెళ్లి చూసి చెబుతున్నారు కదా.

మీ ఊళ్లోనే చూశావుగా, 2025 జులైలో యూపీఐ లెక్కలు చూసి చిన్న వ్యాపారులకి జీఎస్టీ నోటీసులు వస్తే క్యూఆర్ కోడ్‌లు పీకేసి "క్యాష్ మాత్రమే" అని బోర్డులు పెట్టారు. పన్ను కట్టొద్దని నేననను. భయం వేసినప్పుడు మనిషి దేన్ని పట్టుకుంటాడో మాత్రం గమనించు.

ఇప్పుడు నువ్వు చేయాల్సినవి. మీ బిల్లింగ్ స్క్రీన్ మీద "క్యాష్" బటన్ తీసేద్దాం, ఎవరూ వాడటం లేదు అని ఎవరైనా అంటే, వాడేవాళ్లు ఈ గదిలో లేరు అని నువ్వు లేచి చెప్పాలి. చిన్న ఉద్యోగినిని, నా మాట ఎవరు వింటారు అనుకోకు, చెప్పి చూడు. నీ గదిలో కూడా కొంత డబ్బు ఉంచుకో, వందలూ యాభైలూగా. నాన్నమ్మకి స్మార్ట్‌ఫోన్ వద్దు, ఆ డబ్బుతో ఆవిడకి కళ్లద్దాలు మార్పిద్దాం. బ్రాంచిని ఈమధ్య మేడ మీదకి మార్చారు, లిఫ్ట్ లేదు, ఆవిడ ఎక్కలేదు. డెబ్బై దాటినవాళ్లకి ఇంటికే వచ్చి డబ్బు ఇచ్చే, తీసుకునే సేవ అందించాలని రిజర్వు బ్యాంకు 2017లోనే బ్యాంకులకి చెప్పింది, కొంత ఛార్జీ ఉంటుంది. నేను అడిగితే రేపు రమ్మంటున్నారు, నువ్వు ఆన్‌లైన్లో రిజిస్టర్ చేసిపెట్టు. నా ఒంట్లో బాగోలేని నెల ఆవిడ ఇబ్బంది పడకూడదు.

అన్నట్టు 2025 నవంబరు 1 నుంచి ఒక ఖాతాకి నలుగురి దాకా నామినీలుగా పెట్టుకోవచ్చు. నాన్నమ్మ మీ నాన్న పేరుతో పాటు నీ పేరూ రాయించమంటోంది. నీ పూర్తి పేరు, పుట్టిన తేదీ, అడ్రస్ ఫారంలో ఎలా ఉండాలో రాసి ఈ వారంలో పంపు. మీ నాన్న సోమవారం బ్యాంకుకి వెళ్తారు.

ప్రేమతో,
అమ్మ