“లేనివేమైనా కనిపిస్తున్నాయా?” అని అడిగించండి: ఆరోగ్య శాఖ మంత్రి గారికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన మంత్రి గారికి నమస్కారం.

మా నాన్నకు పార్కిన్సన్స్ (వణుకు తెచ్చే మెదడు జబ్బు) ఉందని తేలిన నాలుగేళ్లకు ఆయన గదిలోకి పిల్లలు రావడం మొదలైంది. ఇద్దరు మగపిల్లలు, ఒక ఆడపిల్ల. మాట్లాడరు, అల్లరి చెయ్యరు. మంచం చివర నిలబడి చూస్తూ ఉంటారట. ఈ సంగతి మాకు ఏడాదిన్నర తర్వాత గానీ తెలియలేదు. “చెబితే పిచ్చివాణ్ణి అనుకుంటారని ఊరుకున్నానురా” అన్నారు. ఆ ఏడాదిన్నరలో ఆయన్ని ఆరుసార్లు డాక్టరుకు చూపించాం. వణుకు గురించి అడిగారు, నడక గురించి అడిగారు, మలబద్ధకం గురించీ అడిగారు. లేనివేమైనా కనిపిస్తున్నాయా అని మాత్రం ఎవరూ అడగలేదు. మేమూ అడగలేదు లెండి.

ఆ ఒక్క ప్రశ్న కోసమే ఈ లేఖ.

ఇలా లేనివి కనిపించడాన్ని, వినిపించడాన్ని భ్రాంతి అంటారు. అది ఊహ కాదు. ఈ కాగితం మీకు ఎంత ఖాయంగా కనిపిస్తోందో, నాన్నకు ఆ పిల్లలూ అంత ఖాయంగానే కనిపిస్తారు. మెదడు కంటి నుంచి వచ్చినదాన్ని ఉన్నదున్నట్టు చూపించదు. ముందే ఒక అంచనా వేసుకుని, ఖాళీలను తనే నింపుకుంటుంది. చూపు తగ్గినా, మెదడులోని రసాయనాలు అటూఇటూ అయినా ఆ నింపడం హద్దు దాటుతుంది. స్విట్జర్లాండ్ శాస్త్రవేత్త చార్లెస్ బోనె 1760లోనే తన తాతగారి గురించి రాశాడు. శుక్లాలతో చూపు మందగించిన ఆ పెద్దాయనకు మనుషులు, పక్షులు, భవనాలు కనిపించేవి. బుద్ధి మాత్రం చక్కగా ఉండేది, అవి నిజం కావనీ ఆయనకు తెలుసు. ఇన్నేళ్ల తర్వాత కూడా చూపు పోతున్న ఎంతోమంది ఇదే అనుభవాన్ని బయటికి చెప్పుకోలేక దాచుకుంటున్నారు. కంటి డాక్టరు ముందుగా ఒక్క మాట చెబితే ఆ భయం ఉండదు.

మూర్ఛల్లో ఒక రకం ఉంది, ఫిట్ వచ్చే ముందు ఏదో కాలుతున్న వాసన వస్తుంది. తాగుడు ఒక్కసారిగా మానేసినవాళ్లకు రెండు మూడు రోజుల్లో పురుగులు పాకుతున్నట్టు కనిపించవచ్చు. నిద్రలోకి జారుకునేటప్పుడు ఎవరో పేరు పెట్టి పిలిచినట్టు వినిపించడం ఏ జబ్బూ లేనివాళ్లకూ మామూలే. భార్యనో భర్తనో పోగొట్టుకున్నవాళ్లకు ఆ మనిషి ఇంట్లోనే ఉన్నట్టు అనిపిస్తుంది. వేల్స్‌లో ఒక డాక్టరు అలాంటి వాళ్లను అడిగి చూసి 1971లో ప్రచురించాడు, దాదాపు సగం మంది అవునన్నారు. వీళ్లలో చాలామంది అంతవరకు ఎవరికీ చెప్పలేదు. వీటన్నిటికీ మనం తగిలించే పేరు ఒక్కటే, పిచ్చి. అందుకే అందరికీ ఒకటే మందు వేసేస్తాం.

ఆ ఒకటే మందు ఏం చేస్తుందో మేం చూశాం. ఒక రాత్రి నాన్నకు మూత్రంలో ఇన్‌ఫెక్షన్ ముదిరి, మనిషి కలవరపడి కేకలు పెట్టారు. ఎమర్జెన్సీకి తీసుకెళ్లాం. ఫైలు నేనే చేతికిచ్చాను, పైనే పార్కిన్సన్స్ అని ఉంది. చదివే తీరిక ఎవరికీ లేదు. నిమ్మళంగా ఉంటారని, భ్రాంతులకు వాడే హాలోపెరిడాల్ అనే మందు ఇంజెక్షన్ ఇచ్చారు. పార్కిన్సన్స్‌లో ముందే తక్కువగా ఉన్న డోపమిన్ అనే మెదడు రసాయనం పనిని ఆ మందు అడ్డుకుంటుంది. తెల్లారేసరికి ఆయన కొయ్యబారిపోయారు, గుటక వెయ్యలేకపోయారు. మళ్లీ లేచి కూర్చోవడానికి మూడు వారాలు పట్టింది. లూయీ బాడీ డిమెన్షియా (భ్రాంతులు ఎక్కువగా ఉండే ఒక రకం మతిమరుపు జబ్బు) ఉన్నవాళ్లకైతే ఇలాంటి మందు ప్రాణం మీదకు కూడా తెస్తుంది. ఇవన్నీ పుస్తకాల్లో ఉన్నవే, కొత్తగా కనిపెట్టాల్సింది ఏమీ లేదు. (ఇది చదివి ఎవరూ ఇంట్లో మందులు ఆపెయ్యకండి. ఒక్కసారిగా ఆపడం కూడా ప్రమాదమే.)

గొంతులు వినిపించేవాళ్ల బాధ వేరు. స్కిజోఫ్రీనియా అనే మానసిక జబ్బులో ఆ గొంతు తిడుతుంది, వెక్కిరిస్తుంది, ఒక్కోసారి చచ్చిపొమ్మంటుంది. ఆ చివరి మాట వినిపిస్తోందంటే ఆ రోజే డాక్టరు చూడాలి. చాలామందికి మందులు బాగా పనిచేస్తాయి, కొందరికి మందులు వాడినా గొంతులు పూర్తిగా పోవు. నెదర్లాండ్స్‌లో మనోవైద్యుడు మారియస్ రోమె 1987లో, గొంతులు వినే ఒకామెతో కలిసి టీవీలో మాట్లాడితే వందలమంది స్పందించారు. వాళ్లలో కొందరు ఏ వైద్యమూ లేకుండానే ఆ గొంతులతో సర్దుకుని బతుకుతున్నారు. గొంతులు వినేవాళ్లు ఒకచోట కూర్చుని మాట్లాడుకునే బృందాలు అక్కణ్ణుంచి చాలా దేశాలకు పాకాయి. “ఏమంటోంది ఆ గొంతు? ఎప్పుడు ఎక్కువవుతుంది?” అని అడిగే మనిషి దొరకడమే వాళ్లకు సగం బలం.

ఇంట్లో మేం నేర్చుకున్నది కొంచెమే. వాదించం, ఉన్నారని అబద్ధమూ చెప్పం. “నాకు కనిపించడం లేదు నాన్నా, మీకు భయంగా ఉందా?” అని అడుగుతాం. గదిలో చీకటి మూలలు లేకుండా లైటు వేస్తాం, కొక్కేనికి చొక్కాలు తగిలించం. ఉన్నట్టుండి ఎక్కువైతే జ్వరమో ఇన్‌ఫెక్షనో అని ముందు చూస్తాం. న్యూరాలజిస్టు మందుల మోతాదు సవరించాక పిల్లలు రావడం తగ్గింది. పోయినవారం ఆడపిల్ల రాలేదని నాన్న బెంగపెట్టుకున్నారు. ఏం జవాబు చెప్పాలో నాకు తెలియలేదు.

మంత్రి గారూ, కొత్త ఆసుపత్రి అడగడం లేదు. పార్కిన్సన్స్, మతిమరుపు, కంటి రోగుల ఓపీ కాగితంలో ఒక గడి పెట్టించండి: “లేనివి కనిపిస్తున్నాయా, వినిపిస్తున్నాయా?” ఆ ప్రశ్న ఆరోగ్య కార్యకర్తలు ఇళ్లకు వెళ్లినప్పుడూ అడగాలి, వీలైతే పక్కన ఎవరూ లేనప్పుడు. ఎమర్జెన్సీల్లో హాలోపెరిడాల్ ఉంచే అర మీద “పార్కిన్సన్స్ ఉందా? లూయీ బాడీ ఉందా?” అని పెద్ద అక్షరాలతో ఒక కాగితం అంటించండి. దానికి బడ్జెట్ కూడా అక్కర్లేదు, ఒక సర్క్యులర్ చాలు.

ఇట్లు,
ఒక రోగి కొడుకు