పరుగు అయిపోయాక ఆ మొక్కలకు నీళ్లెవరు పోస్తారు?

సంపాదకులకు నమస్కారం.

మన విశాఖ బీచ్ రోడ్డులో జరిగే పరుగు వల్ల పర్యావరణానికి కలిగే నష్టానికి బదులుగా దేశీ మొక్కలు నాటుతారని పోయిన వారం మీ పత్రికలో చదివాను. ఆలోచన మంచిదే. దేశీ అన్న మాటకు సంతోషం కూడా వేసింది. కానీ ఇలాంటి మాటలు విని విని విసిగిపోయాను, అందుకే రాస్తున్నాను.

2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుఫాను ఈ ఊరి నీడను ఒక్క రోజులో ఊడ్చేసింది. తర్వాత త్వరగా పచ్చబడాలన్న ఆత్రంలో కోనోకార్పస్ అనే విదేశీ మొక్క పెట్టారు, ఏడాకులపాల వరసలుగా పెట్టారు. కోనోకార్పస్ నాటడాన్ని గుజరాత్ 2023లోనే నిషేధించింది. ఏడాకులపాల మన దేశపు చెట్టే, అయినా వీధి పొడవునా అదే ఉంటే ఎలా ఉంటుందో అది పూసే రోజుల్లో ఘాటు వాసనకు రాత్రిళ్లు కిటికీలు మూసుకునే వాళ్లని అడగండి. మా ఇంట్లోనే ఆయాసం మనిషి ఉన్నారు. కాబట్టి దేశీ అంటే సరిపోదు, ఎక్కడ ఏది అన్నది చూడాలి. సముద్రం పక్కన ఉప్పుగాలికి ఓర్చుకునే పొన్న, కానుగ, మొగలి. లోపలి వీధుల్లో పొగడ, వేప, నేరేడు. అన్నీ కలిపి.

అన్నిటికన్నా బాధ నాటే కాలం గురించి. పరుగులు, సభలు చలికాలంలో జరుగుతాయి, మొక్కలూ అప్పుడే నాటేస్తారు. తొలకరికి నాటాల్సినవి జనవరిలో నాటితే మే నెల ఎలా దాటుతాయి? నాలుగేళ్ల కిందట ఒక కార్యక్రమం వాళ్లు మా పార్కు వెనక నలభై నాటారు. ఎండాకాలం అయ్యేసరికి ఆరు మిగిలాయి. వాటిలో రెండు కానుగలు నేనూ మా మనవరాలూ బకెట్లతో నీళ్లు మోసి బతికించినవి. ఇనుప కంచెలు ఎవరో ఎత్తుకుపోయారు. ఫోన్ చేస్తే మొక్కలు ఒకరివి, స్థలం ఇంకొకరిది, ట్యాంకర్ మరొకరిది అన్నారు. ఈ ఊళ్లో ఏ పనికైనా ప్రారంభం రోజు అందరూ ఉంటారు. తర్వాత పార్కు కుళాయి పాడైనా అడగడానికి మనిషి దొరకడు.

పైగా వేలెడు మొక్క ఈ ఏటి డీజిల్ పొగకు ఈ ఏడే బదులు తీర్చలేదు. ముందు ప్లాస్టిక్ సీసాలు, జనరేటర్లు తగ్గించండి, జనాన్ని బస్సుల్లో తీసుకురండి. ఎన్ని నాటారో కాకుండా మూడో వేసవికి ఎన్ని బతికాయో ఇదే పత్రికలో ప్రకటించండి.

మా పార్కు వెనక ముప్పై నాలుగు గుంతలు ఖాళీగానే ఉన్నాయి. జులైలో మొక్కలు పంపితే నీళ్లు పోసే బాధ్యత మా వీధివాళ్లం తీసుకుంటాం. వేసవిలో వారానికి ఒక ట్యాంకర్ మాత్రం పంపించాలి.

ఒక పాఠకుడు,
సీతమ్మధార, విశాఖపట్నం