వేరు చేసి ఇచ్చిన చెత్త వేరుగానే వెళ్లాలి: పురపాలక శాఖ మంత్రి గారికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన రాష్ట్ర పురపాలక, పట్టణాభివృద్ధి శాఖ మంత్రి గారికి,

అనంతపురం నగరవాసి ఒకరు నమస్కరించి రాయునది.

అయ్యా, మా నగరంలోనూ, దీనిలాంటి రాయలసీమ పట్టణాల్లోనూ ఏళ్ల తరబడి అలాగే ఉండిపోయిన ఒక లోపాన్ని మీ దృష్టికి తేవాలని ఈ లేఖ రాస్తున్నాను. తడి చెత్తను, పొడి చెత్తను విడివిడిగా ఇవ్వమని ప్రజలకు చెబుతున్నాం. చెప్పిన మాట విని విడివిడిగా ఇచ్చిన ఇళ్ల చెత్త కూడా బండి ఎక్కగానే ఒక్కటైపోతోంది. ఈ ఒక్కటీ సరిచేయకుండా బుట్టల మీద, బండ్ల మీద, ప్రచారం మీద ఎంత ఖర్చు పెట్టినా దాని ఫలితం చివరికి ఊరి బయటి చెత్తకుప్పలోకే చేరుతుంది. ఏ అధికారినో, ఏ గుత్తేదారునో వేలెత్తి చూపడం నా ఉద్దేశం కాదు. ఏర్పాటులోనే లోపం ఉందని, దాన్ని సరిచేయగల అధికారం మీ శాఖకు ఉందని నమ్మి రాస్తున్నాను.

మా వీధిలో జరిగేది ఉన్నదున్నట్టు చెబుతాను. పొద్దున పాట వేసుకుంటూ ఆటో వస్తుంది. దాని తొట్టి మధ్యలో రేకు అడ్డు పెట్టి ఒక పక్క తడి, ఇంకో పక్క పొడి అని రాసి ఉంటుంది. నాలుగు వీధులు తిరిగేసరికి తడి పక్క నిండిపోతుంది. అక్కడి నుంచి అన్నం మెతుకులూ, కూరగాయల తొక్కలూ అట్టపెట్టెల మీదే పడతాయి. వీధి చివర ఆటో ఆగినప్పుడు, వెనక నిలబడ్డ పారిశుద్ధ్య కార్మికురాలు ముడివేసిన కవర్లను ఒట్టి చేతులతో చించి, అందులోంచి నీళ్ల సీసాలు, అట్టముక్కలు ఏరి, బండి పక్కన కట్టుకున్న గోనెసంచిలో వేసుకుంటుంది. ఒకరోజు అలా చించిన కవరులోంచి పగిలిన ట్యూబులైటు ముక్కలు, వాడిపారేసిన ఇన్సులిన్ సూది బయటపడ్డాయి. ఆమె వాటిని పక్కకు నెట్టి, చెయ్యి చీర కొంగుకు తుడుచుకుని, మళ్లీ పనిలో పడింది. ఇంట్లో అర నిమిషం పట్టే పనిని మనం చేయకపోతే అదే పనిని ఆమె తన వేళ్లను పణంగా పెట్టి చేయాల్సి వస్తోంది. చేసి ఇచ్చిన ఇళ్ల శ్రమ కూడా ఆ తొట్టిలోనే వృథా అవుతోంది. మా పక్కింటి ఇల్లాలు కొన్ని నెలలపాటు శ్రద్ధగా రెండు బుట్టలూ వేరుగా ఇచ్చి, రెండూ ఒకే చోట పడటం చూసి మానేశారు. ఆమెను తప్పుపట్టలేను.

ఇది నిన్న మొన్న పుట్టిన సమస్య కాదు. నగరాల చెత్త మీద పర్యావరణ ఉద్యమకారిణి అల్మిత్రా పటేల్ గారు సుప్రీంకోర్టులో ప్రజాప్రయోజన వ్యాజ్యం వేసింది 1996లో. ఆ కేసు ఫలితంగానే 2000లో తొలి నియమాలు వచ్చాయి. 2016లో కేంద్ర పర్యావరణ శాఖ వాటి స్థానంలో ఘన వ్యర్థాల నిర్వహణ నియమాలు తెచ్చి, ప్రతి ఇల్లూ చెత్తను తడి, పొడి, ఇంట్లోని హానికర చెత్త అని మూడుగా వేరుచేసి ఇవ్వాలని, అలా ఇచ్చినదాన్ని స్థానిక సంస్థ వేరుగానే సేకరించి, వేరుగానే తరలించాలని నిర్దేశించింది. మన రాష్ట్రంలో 2021 అక్టోబరు 2న క్లీన్ ఆంధ్రప్రదేశ్ పేరుతో ఆకుపచ్చ, నీలం, ఎరుపు బుట్టలు ఇంటింటికీ ఇవ్వడం మొదలైంది. 2024లో చెత్త పన్ను రద్దు చేస్తున్నట్టు ముఖ్యమంత్రి గారు ప్రకటించారు. 2025 జనవరిలో మా పొరుగున కడప జిల్లా మైదుకూరులో స్వచ్ఛ ఆంధ్ర కార్యక్రమం ప్రారంభమై, ప్రతి నెలా మూడో శనివారం జరుగుతోంది. ప్రభుత్వాలు మారినా సంకల్పానికి లోటు రాలేదని దీన్నిబట్టి అర్థమవుతుంది. లోటల్లా బుట్టకూ యార్డుకూ మధ్యనున్న ఆ కొద్ది దూరంలోనే ఉంది.

ఆ దూరంలో మనం ఏం పోగొట్టుకుంటున్నామో మా జిల్లా కళ్లతో చూడమని మనవి. ఇళ్ల నుంచి వచ్చే చెత్తలో సగం దాకా తడి చెత్తే ఉంటుంది. అది పొడి చెత్తతో కలిసి, గాలి ఆడని పెద్ద కుప్పలో పడి కుళ్లినప్పుడు మీథేన్ వాయువు పుడుతుంది. నూరేళ్ల లెక్కన చూస్తే వాతావరణాన్ని వేడెక్కించడంలో అది బొగ్గుపులుసు వాయువు కంటే సుమారు 28 రెట్లు బలమైనది. వేసవిలో చెత్తకుప్పలు రోజుల తరబడి రాజుకోవడానికి అదీ ఒక కారణం. కుప్ప అడుగున ఊరే మురుగునీరు భూమిలోకి దిగి బోర్లను చేరుతుంది. అదే తడి చెత్త మట్టికి తిరిగి చేరితే ఏమవుతుందో అనంతపురం రైతుకు చెప్పనవసరం లేదు. ఏడాదికి 550 మిల్లీమీటర్ల చుట్టూ మాత్రమే వాన పడే జిల్లా ఇది. మా ఎర్రనేలల్లో సేంద్రియ కర్బనం తక్కువ. పడ్డ వాన నిలవాలంటే, వేరుశనగ నాలుగు రోజులు ఎండకు తట్టుకోవాలంటే, చీనీ (బత్తాయి) చెట్టు కాయ నిలుపుకోవాలంటే నేలలో దిబ్బెరువు ఉండాలి. ఎద్దులు పోయి ట్రాక్టర్లు వచ్చాక ఊళ్లలో దిబ్బలు తరిగాయి. చీనీ తోట ఉన్న రైతు పశువుల ఎరువు కోసం దూరపు ఊళ్లకు పోయి ట్రాక్టరు లెక్కన కొనుక్కుంటున్నాడు. అతనికి కావలసిన సరుకును మనం రోజూ నగరం బయట తగలబెడుతున్నాం.

పట్టణ చెత్త నుంచి తయారైన కంపోస్టు అమ్మకానికి కేంద్రం 2016లోనే టన్నుకు 1500 రూపాయల సాయం ప్రకటించింది. అయినా రైతులు దాన్ని ఎగబడి కొనలేదు. కారణం ఏ రైతునడిగినా చెబుతాడు. కలగలిసిన చెత్తతో చేసిన ఎరువులో గాజుపెంకులు ఉంటాయి, పాలకవర్ల ముక్కలు ఉంటాయి. ఒక్కసారి పొలంలో చల్లితే వాటిని ఏరడం ఎవరి తరమూ కాదు. కంటికి కనిపించని ప్రమాదం ఇంకొకటి ఉంది. బ్యాటరీలు, పెయింటు డబ్బాల వంటివి తడి చెత్తతో కలిస్తే సీసం, కాడ్మియం వంటి లోహాలు ఎరువులోకి చేరతాయి. ఎరువుల నియంత్రణ ఉత్తర్వు ఆ లోహాలకు కచ్చితమైన పరిమితులు పెట్టింది. ఎంత పెద్ద యంత్రంతో జల్లెడ పట్టినా లోహం జల్లెడకు చిక్కదు. కనుక ఎరువు నాణ్యత వంటింటి గట్టు దగ్గర, ఆ తర్వాత బండి తొట్టిలో తేలిపోతుంది.

నేను మా మిద్దె మీద డ్రమ్ములో వంటింటి చెత్తను ఎరువు చేస్తుంటాను. అందువల్ల ఈ పని మా ప్రాంతంలో ఎలా సాగుతుందో అనుభవం మీద రెండు మాటలు చెప్పగలను. తడి చెత్త ఒక్కటే వేస్తే కంపు కొడుతుంది, ఈగలు ముసురుతాయి. దానిలో నీరు, నత్రజని ఎక్కువ. కర్బనం ఎక్కువగా ఉన్న ఎండు పదార్థం తోడైతేనే, అంటే ఒక పాలు నత్రజనికి ముప్పై పాళ్ల దాకా కర్బనం కుదిరితేనే అది సక్రమంగా మాగుతుంది. కేరళలో, కోస్తాలో కొబ్బరి పీచు పొడి వాడతారు. మాకు దాన్ని కొనవలసిన పనే లేదు. వేరుశనగ కాయలు ఒలిచే మిల్లులు జిల్లా అంతటా ఉన్నాయి. ఆ పొట్టు గట్టిది కాబట్టి దంచి లేదా మరపట్టి, ఎండాకులతో కలిపి, తడి చెత్త వేసిన ప్రతిసారీ పైన ఒక పొర పరిస్తే చాలు. కొద్ది రోజుల్లో లోపల చెయ్యి పెట్టలేనంత వేడి పుడుతుంది. ఆ వేడి 55 డిగ్రీలు దాటితే కలుపు గింజలు, రోగకారక క్రిములు చస్తాయి. వారానికోసారి తిరగేస్తుంటే రెండు నెలలు తిరిగేసరికి ఎర్రగడ్డ పొట్టూ, ఆకుకూరల కాడలూ, చీనీ తొక్కలూ ఏవీ గుర్తుపట్టలేని నల్లటి ఎరువు మిగులుతుంది. తొలకరి వాన పడ్డ మట్టి వాసన వస్తుంది. మా ఎండలకు జాగ్రత్త ఒక్కటే: కుప్ప ఆరిపోకుండా తడి గోనెపట్టాలు కప్పాలి. వానపాముల ఎరువు మంచిదే, కానీ 35 డిగ్రీలు దాటితే ఆ పాములు బతకవు. 40 దాటే మా వేసవిలో నీడా, చల్లదనమూ లేని రేకుల షెడ్డు కింద వర్మీ తొట్లు కట్టి, అవి ఖాళీ అయ్యాక పథకం విఫలమైందనడం న్యాయం కాదు. రాష్ట్రమంతటికీ ఒకే నమూనా పంపకుండా, ఏ జిల్లాకు ఏది నప్పుతుందో అక్కడివారినే తేల్చుకోనివ్వాలి.

ఈ పని నగరం బయట ఒక్క పెద్ద యార్డులో కంటే వార్డుల్లోనే బాగా జరుగుతుందని నా అభిప్రాయం. తడి చెత్తను పది కిలోమీటర్లు మోయడమంటే నీటిని డీజిలు పోసి మోయడమే. ఛత్తీస్‌గఢ్‌లోని అంబికాపూర్‌లో స్వయం సహాయక సంఘాల మహిళలే ఇంటింటికీ వెళ్లి చెత్త తెచ్చి, వార్డు కేంద్రాల్లో రకాల వారీగా వేరు చేస్తారు. అక్కడి పాత డంపింగ్ యార్డు ఇవాళ పార్కు అయింది. మనకు పట్టణ పేదరిక నిర్మూలన సంస్థ మెప్మా ఉంది, దాని కింద పొదుపు సంఘాల అక్కచెల్లెళ్లు ఉన్నారు, వార్డు సచివాలయాల్లో పారిశుద్ధ్యం చూసే కార్యదర్శులూ ఉన్నారు. మనుషులు, వ్యవస్థ రెండూ సిద్ధంగా ఉన్న రాష్ట్రం మనది. కంపోస్టు కేంద్రం తమ ఇంటి దగ్గర వద్దని జనం అభ్యంతరపెడతారన్నది నిజమే. వారి భయం కూడా కలగలిసిన చెత్త కంపును చూసి పుట్టిందే. సక్రమంగా నడిచే ఒక్క కేంద్రాన్ని ఒక్క పార్కులో చూపిస్తే ఆ భయం చాలావరకు పోతుంది.

ఇళ్ల కంటే ముందుగా దారిలోకి తేవలసినవి కల్యాణ మండపాలు, హోటళ్లు, కూరగాయల మార్కెట్లు. ఒక్క ముహూర్తం రోజున ఒక మండపం నుంచి బయటపడే విస్తళ్లు, మిగిలిన అన్నం ఒక వీధి మొత్తం వారం రోజుల చెత్తకు సమానంగా ఉంటాయి. రోజుకు 100 కిలోలకు మించి చెత్త పుట్టించేవారిని 2016 నియమాలు ప్రత్యేకంగా గుర్తించి, తడి చెత్తను వీలైనంతవరకు తమ ఆవరణలోనే ఎరువుగానో, గ్యాసుగానో మార్చుకోవాలన్నాయి. మండపాల లైసెన్సు పునరుద్ధరణకు దీన్ని షరతుగా పెడితే అమలు కష్టం కాదు. కోడిమాంసం దుకాణాల వ్యర్థాలను మాత్రం ఈ రెండు దారుల్లోనూ కలపకుండా విడిగా తరలించాలి. వాటి వల్ల కూడా కుప్పల దగ్గర కుక్కల మందలు పెరిగి, పిల్లల మీద పడుతున్నాయి.

పొడి చెత్త సంగతి కొంత తేలిక. అట్ట, సీసా, ఇనుము, పాల కవర్లు కొనే పాత సామాన్ల వాళ్లు ప్రతి ఊళ్లోనూ ఉన్నారు. చెత్త శుభ్రంగా, పొడిగా ఉంటే చాలు, వాళ్లే తీసుకుపోతారు. వారికి, ఏరుకుని బతికేవారికి గుర్తింపు కార్డులిచ్చి వార్డు కేంద్రాలతో కలపాలి. ఎవరూ కొననివి చిప్స్, షాంపూ ప్యాకెట్లు. వాటిని తయారుచేసే కంపెనీలే వెనక్కి సేకరించే బాధ్యత చట్టంలో ఉంది, దాన్ని గట్టిగా అడగవలసింది ప్రభుత్వమే. అవి చివరకు చేరేది వంకల్లోకి, అంటే వాగుల్లోకి. 2022 అక్టోబరులో నడిమివంక పొంగి మా నగరంలో కాలనీలకు కాలనీలు నీట మునిగాయి. ఆ వరదకు మూలం భారీ వర్షాలే. కానీ కవర్లతో పూడుకుపోయిన వంకలో నీరు సాఫీగా పోదు, మళ్లీ అలాంటి వాన వస్తే బాధపడేది ఒడ్డునున్న పేదలే.

డబ్బు మాట కూడా ఎత్తక తప్పదు. చెత్త పన్ను పోయినందుకు పేద ఇళ్లవారు సంతోషించారు, నేనూ సంతోషించాను. అయితే సేకరణ ఖర్చు ఎక్కడికీ పోదు కాబట్టి, ఆ లోటును ప్రభుత్వం స్థానిక సంస్థలకు భర్తీ చేయాలి. అది కార్మికుల జీతాల్లో, చేతి తొడుగుల్లో కోతగా మారకూడదు. ఇంట్లోనే ఎరువు చేసుకునేవారికి ఆస్తి పన్నులో కొంత తగ్గింపు ఇవ్వవచ్చు. పుణె నగరంలో ఇలాంటి రాయితీ అమలులో ఉంది. సేకరణ బాధ్యత తీసుకున్నవారికి చెల్లింపులు మోసిన మొత్తం బరువును బట్టి కాకుండా, వేరుగా అప్పగించిన చెత్త బరువును బట్టి ఉండేలా చేస్తే, తొట్టి మధ్యలోని ఆ రేకు అడ్డుకు అర్థం వస్తుంది.

అయ్యా, మీకు నా విన్నపం ఇది. రాష్ట్రమంతటా ఒకేసారి మొదలుపెట్టమని నేను అడగడం లేదు. అనంతపురంలో ఒక్క వార్డును తీసుకుని, తడి చెత్తకు రోజూ ఒక బండి, పొడి చెత్తకు వారానికి రెండు రోజులు వేరే బండి పంపించండి. డైపర్లు, శానిటరీ ప్యాడ్లు కాగితంలో చుట్టి, సూదులు గట్టి డబ్బాలో పెట్టి విడిగా ఇచ్చేందుకు ఎర్ర సంచి పెట్టించండి. ఆ వార్డులోనే వేరుశనగ పొట్టుతో కంపోస్టు చేయించి, ప్రయోగశాలలో పరీక్ష చేయించి, ఫలితాన్ని సచివాలయం గోడ మీద అతికించండి. ఆ ఎరువును మొదట నాలుగు చీనీ తోటల్లో వేయించి, ఆ రైతులు ఏమంటారో వినండి. మూడో శనివారం అధికారులు మా ఊరికి వచ్చినప్పుడు వీధులు ఊడ్పించడంతో పాటు ఆ బండి తొట్టిలోకి ఒకసారి తొంగిచూసి, తడి పొడి కలిశాయో లేదో నమోదు చేసేలా ఉత్తర్వు ఇవ్వండి. వేరు చేసి ఇవ్వడం మానేసిన ఇళ్లను మళ్లీ ఒప్పించే పనిని మా కాలనీవాసులం తీసుకుంటాం. వేరుగా ఇచ్చింది వేరుగానే వెళ్తుందని వారికి చెప్పగలిగే స్థితిని మీరు కల్పించాలని కోరుతున్నాను.

ఇట్లు,
అనంతపురం నగరవాసి