బయాప్సీ రిపోర్టులో టిల్స్ అంకె కూడా రాయండి

ఎడిటర్ గారికి,

నమస్కారం. మాది ఒడిశా గజపతి జిల్లా పర్లాకిమిడి. ఇంట్లో తెలుగు, ఆఫీసుల్లో ఒడియా, ఆస్పత్రి కాగితాల్లో ఇంగ్లీషు, మా బతుకు మూడు భాషల్లో నడుస్తుంది. ఈమధ్య మీ ఆరోగ్యం పేజీలో రొమ్ము క్యాన్సర్ మీద వ్యాసం వేశారు. అందులో ట్రిపుల్ నెగెటివ్ రకం గురించి ఒక్కటంటే ఒక్కటే వాక్యం ఉంది, అది చాలా ప్రమాదకరమైనదని, త్వరగా పాకుతుందని. అబద్ధమని నేననడం లేదు. కానీ ఆ మాట దగ్గరే ఆపేస్తే విన్న మనిషి ఏమైపోతుందో మా ఇంట్లోనే చూశాను, అందుకే రాస్తున్నాను. గడ్డలోకి చేరిన రోగనిరోధక కణాలను టిల్స్ అంటారు, ఈ రకం జబ్బు రిపోర్టులో వాటి శాతం కూడా రాయాలన్నదే నా మనవి.

మా అక్క కాశీనగర్‌లో ఉంటుంది. వంశధార పక్కన రెండెకరాల వరి. పోయిన ఏడాది ఎడమ రొమ్ములో గడ్డ చేతికి తగిలితే నాట్లు అయ్యేదాకా ఎవరికీ చెప్పలేదు. తర్వాత ఒక ఆస్పత్రిలో ఆపరేషన్ అయింది. కొన్నాళ్లకు రిపోర్టు వచ్చింది: గడ్డ రెండున్నర సెంటీమీటర్లు, గ్రేడ్ 3 (అంటే వేగంగా పెరిగే రకం), చంకలోకి పాకలేదు, ట్రిపుల్ నెగెటివ్. అక్కడున్న కుర్ర డాక్టరు ఆ చివరి మాట మీద వేలు పెట్టి, ఇది అన్నిటికంటే చెడ్డ రకం అని మా బావకి ఒడియాలో చెప్పి పక్క మంచం దగ్గరికి వెళ్లిపోయాడు. అక్కకి ఒడియా బాగా వచ్చు. ఆ రాత్రి బీరువా తాళాలు తెచ్చి నా చేతిలో పెట్టి, "చెల్లీ, పిల్ల పెళ్లి నువ్వే చూసుకోవాల" అంది. చంకలోకి పాకలేదన్న మాట అదే కాగితంలో ఉంది, అది మంచి వార్తని మాకెవరూ చెప్పలేదు.

ట్రిపుల్ నెగెటివ్ అంటే ఏమిటో నాకు తర్వాత అర్థమైంది. ఈస్ట్రోజెన్, ప్రొజెస్టెరాన్ హార్మోన్లను అందుకునే రిసెప్టర్లు, హెర్2 అనే ప్రొటీను, ఈ మూడింటి కోసం పరీక్ష చేస్తే మూడూ లేవని వచ్చిందన్నమాట. వాటిని పట్టుకుని పనిచేసే మాత్రలూ ఇంజెక్షన్లూ దీనికి పనికిరావు, ముఖ్యంగా కీమో మీదే ఆధారపడాలి. పాశ్చాత్య దేశాల్లో రొమ్ము క్యాన్సర్ వచ్చినవాళ్లలో నూటికి 10, 15 మందికి ఈ రకం ఉంటే మన దేశంలో జరిగిన అధ్యయనాల్లో అది 25, 30 దాకా కనిపిస్తోంది. అంటే ఇది మన ఆడవాళ్లకి అరుదైన జబ్బేం కాదు.

ఇంకో డాక్టరు మాట కూడా విందామని విశాఖ వెళ్లాం. ముందు ఆపరేషన్ చేసిన చోటికి వెళ్లి బ్లాకు అడిగి తెచ్చుకోమన్నారు. బ్లాకు అంటే గడ్డలోంచి తీసిన ముక్కని మైనంలో పోసి చిన్న ప్లాస్టిక్ బిళ్లలో బిగించి దాస్తారు, అగ్గిపెట్టెలో సగం కూడా ఉండదు. మా అక్క జబ్బంతా అందులో ఉంది. ఎండ తగలనివ్వొద్దన్నారని గుడ్డలో చుట్టి స్టీలు డబ్బాలో పెట్టి, గుణుపురం నుంచి విశాఖ వెళ్లే ప్యాసింజర్‌లో పాతపట్నం, టెక్కలి, నౌపడ దాటిందాకా ఒళ్లోనే పెట్టుకు కూర్చున్నాను. పక్కనావిడ అందులో ప్రసాదం ఉందా అని అడిగింది, ఏం చెప్పాలో తెలీక తలూపాను.

అక్కడి పాథాలజీ డాక్టరమ్మ మంచి మనిషి. ఇద్దరు ఒకేసారి చూసే మైక్రోస్కోపు ఉంటే అక్కని పక్కన కూర్చోబెట్టి స్లైడు చూపించారు, తర్వాత నేనూ చూశాను. గులాబీ రంగు నేల మీద పెద్ద పెద్ద ఊదా రంగు గుంపులు, అవి క్యాన్సర్ కణాలట. ఆ గుంపుల మధ్య సందుల్లో ఆవాలు చల్లినట్టు చిన్నవి, గుండ్రంగా, ముదురు నీలం చుక్కలు. "ఇవి నీ సొంత రోగనిరోధక కణాలమ్మా, లింఫోసైట్లు. రక్తంలోంచి దిగి గడ్డలోకి వచ్చాయి" అన్నారు. గడ్డలోకి చొరబడిన ఈ లింఫోసైట్లనే పొట్టిగా టిల్స్ అంటారు. వాటిని లెక్కపెట్టరు, సందులో ఎంత మేర ఆ కణాలు నిండాయో చూసి శాతం రాస్తారు. అక్క కాసేపు ఆలోచించి, "అంటే మడుల్లో కాదు, గట్ల మీద ఎంతమేర మనుషులున్నారో చూస్తారన్నమాట" అంది. నేను తర్వాత చాలా చదివాను గానీ అంతకంటే తేలిగ్గా ఎక్కడా కనబడలేదు. వరి మళ్లు క్యాన్సర్ కణాల గుంపులు, గట్లు వాటి మధ్య ఉండే కణజాలం, చూసేది గట్లనే. అక్క గట్ల మీద 50 శాతం నిండి ఉన్నారు.

ఈ అంకెకి విలువ ఎందుకంటే, 2019లో తొమ్మిది అధ్యయనాల్లోని 2148 మంది ట్రిపుల్ నెగెటివ్ రోగుల వివరాలు ఒకచోట చేర్చి చూశారు, అందరూ ఆపరేషన్ తర్వాత కీమో తీసుకున్నవాళ్లే. టిల్స్ 10 శాతం పెరిగినప్పుడల్లా జబ్బు తిరగబెట్టడం, మరణం లాంటివి జరిగే ముప్పు సుమారు 13 శాతం చొప్పున తగ్గింది. చంకలోకి పాకకుండా టిల్స్ 30 శాతమో అంతకంటే ఎక్కువో ఉన్నవాళ్లలో మూడేళ్ల తర్వాత నూటికి 99 మంది బతికే ఉన్నారు. ఇది విన్నాక అక్క నోటివెంట మాట రాలేదు, బయటికొచ్చి బెంచీ మీద కూర్చుని ఏడ్చింది. సాయంత్రం తాళాలు నా బ్యాగులోంచి తనే తీసేసుకుంది.

2024లో ఇంకో పెద్ద అధ్యయనం వచ్చింది, అసలు కీమోనే తీసుకోని 1966 మంది మీద. మొదటి దశలో ఉన్నవాళ్లలో టిల్స్ 50 శాతమో ఆపైనో ఉంటే అయిదేళ్లకు దూరపు అవయవాలకు పాకకుండా ఉన్నవాళ్లు నూటికి 94 మంది, 30 శాతం లోపు ఉన్నవాళ్లలో 78 మంది. తేడా ఎంతుందో చూడండి. ఇంకో సంగతి కూడా చూడండి, తక్కువ వచ్చినవాళ్లలోనూ కీమో లేకుండానే ఎక్కువమంది బాగానే ఉన్నారు. కాబట్టి తక్కువ అంకె వచ్చిందని ఎవరూ తాళాలు అప్పగించేయక్కర్లేదు.

ఇక్కడ గట్టిగా చెప్పాల్సింది ఒకటుంది. మా వీధిలో ఒకావిడ నా దగ్గర ఇదంతా విని, నాకూ టిల్స్ ఎక్కువైతే కీమో మానేయొచ్చా అని అడిగింది. మానకూడదు! అక్కది రెండో దశ కిందికి వస్తుంది, ఆ కీమో లేనివాళ్ల లెక్క తనది కాదని డాక్టరమ్మ మొదటే చెప్పారు, కీమో మొత్తం చేయించుకుంది, జుట్టంతా పోయింది, మళ్లీ వచ్చింది. టిల్స్ చూసి కీమో తగ్గించడం ఇప్పటికి ట్రయల్స్‌లో పరీక్షించే విషయం, మనం ఇంట్లో కూర్చుని తేల్చేది కాదు. పైగా ఆ వీధావిడది హార్మోను పాజిటివ్ రకం, దానికి ఈ లెక్క వర్తించదు, ఆ రకంలో టిల్స్ ఎక్కువుంటే మంచిదని చెప్పలేరు, కొన్ని అధ్యయనాల్లో ఫలితం దీనికి వ్యతిరేకంగా కూడా వచ్చింది. గడ్డలోకి వచ్చిన రోగనిరోధక కణాలన్నీ మనవైపే ఉంటాయనీ లేదు. సీడీ8 అనే టీ కణాలు క్యాన్సర్ కణాన్ని చంపుతాయి, రెగ్యులేటరీ టీ కణాలు ఆ పోరుని అణుస్తాయి, మాక్రోఫేజ్‌లనైతే గడ్డ తనవైపు తిప్పేసుకుని తను పెరగడానికి వాడుకుంటుంది.

ఇక నా అసలు బాధ. ఈ శాతం రాయడానికి కొత్త మిషను అక్కర్లేదు, కొత్త రసాయనం అక్కర్లేదు, రోగి అదనంగా ఒక్క రూపాయి కట్టక్కర్లేదు. హెమటాక్సిలిన్, ఇయోసిన్ అని ఏ ల్యాబులోనైనా వేసే మామూలు రంగుల స్లైడు చాలు, క్యాన్సర్ ఉందని చెప్పడానికి ఎలాగూ అదే చూస్తారు. ఎలా చూడాలో, ఏది కలపాలో ఏది వదలాలో అంతర్జాతీయ నిపుణుల బృందం 2014లోనే పద్ధతి రాసిపెట్టింది. ట్రిపుల్ నెగెటివ్ అయితే రిపోర్టులో మామూలుగానే రాయాలని సెయింట్ గాలెన్ నిపుణుల సదస్సు 2019లో చెప్పింది. మా మొదటి రిపోర్టు మూడు పేజీలుంది, అందులో ఈ అంకెకి చోటు లేదు. అదే ముక్క, అదే మైనం. ఆ ఆవాలు మొదటి రోజు నుంచీ అక్కడే ఉన్నాయి, చూసి కూడా రాయలేదు.

మాలాంటి సరిహద్దు జిల్లాలవాళ్లకి ఇది ఎందుకు ముఖ్యమో చెప్తాను. రోగనిరోధక కణాలకి పడిన బ్రేకులు తీసే మందులు ఇప్పుడు ఉన్నాయి, ఆ బ్రేకుల సంగతి కనిపెట్టినవాళ్లకి 2018లో నోబెల్ కూడా వచ్చింది, పెంబ్రోలిజుమాబ్ అనేది ట్రిపుల్ నెగెటివ్‌కి వాడుతున్నారు. దాని ఖర్చు లక్షల్లో. ఆంధ్రా ఆరోగ్య పథకం కార్డు మాకు ఇవ్వరు, మాది ఒడిశా రేషను కార్డు, ఇక్కడి కార్డు అక్కడ ఏ ఆస్పత్రిలో నడుస్తుందో వెళ్లి అడిగేదాకా తెలీదు. కీమోకి ఒకచోటికి, కరెంటు (రేడియేషన్) పెట్టించడానికి ఇంకోచోటికి. ఇంత తిరుగుడులో పైసా ఖర్చు లేకుండా దొరికే ధైర్యం ఆ ఒక్క అంకె, ధైర్యం కాకపోతే కనీసం నిజం. అది కూడా చేతికి రాకపోతే ఎలాగండీ.

పాథాలజీ డాక్టర్లను నేను కోరేది, ట్రిపుల్ నెగెటివ్ అని రాసిన ప్రతి కాగితం మీద టిల్స్ శాతం కూడా రాయండి, హెర్2 పాజిటివ్‌లో కూడా దానికి విలువుంది కాబట్టి వీలైతే అక్కడా రాయండి. చికిత్స చేసే డాక్టర్లు దాన్ని రోగికి ఆవిడ భాషలో, ఆవిడ మొహం చూసి చెప్పండి, బావలకీ అన్నలకీ కాదు. ఇంట్లో ఎవరికైనా ఆపరేషన్ అయితే బ్లాకు ఎక్కడుందో అడిగి రాసి పెట్టుకోండి, అది మీదే.

ఈ ఉత్తరం మీరు ఒడిశా పేజీలోనే వేసి ఊరుకోవద్దని మనవి. శ్రీకాకుళం, విశాఖ పేజీల్లో కూడా వేయండి, మా బ్లాకులు చూసే డాక్టర్లు అక్కడే ఉంటారు.

ఇట్లు,
ఒక పాఠకురాలు,
పర్లాకిమిడి, గజపతి జిల్లా, ఒడిశా