లాకుల దగ్గర టార్చి ఆర్పేసిన లస్కరు గారికి

పేరు రాయొద్దన్నారు కాబట్టి రాయడం లేదు. రావులపాలెం దగ్గర లొల్ల కాలువ లాకుల మీద రాత్రి డ్యూటీ చేస్తూ గేట్లు, నీటి మట్టం చూసుకునే లస్కరు గారూ, ఇది మీకోసమే. మీ అబ్బాయి చదివి వినిపిస్తానన్నాడు. నిద్ర లేక కళ్లు మండుతున్నాయి, వాక్యాలు సరిగ్గా రాకపోతే ఏమీ అనుకోకండి.

తెలియనివాళ్ల కోసం కాస్త చెప్తాను. బ్యాంకాక్‌లో డేటా ఎంట్రీ ఉద్యోగమని మమ్మల్ని తీసుకెళ్లి, మే సోత్ దగ్గర మోయ్ నది దాటించి, మయన్మార్‌లో మ్యావడీ దగ్గరి సైబర్ మోసాల కంపెనీలకి అమ్మేశారు. అమ్మాయిల పేర్లతో అమెరికా వాళ్లతో రాత్రంతా చాటింగ్ చేసి, క్రిప్టోలో డబ్బు పెట్టించాలి. టార్గెట్ రాకపోతే దెబ్బలు, కరెంటు షాకులు. 2025 ఫిబ్రవరిలో థాయ్‌లాండ్ అటువైపు కరెంటు, డీజిల్, ఇంటర్నెట్ ఆపేశాక ఒత్తిడి పెరిగి జనాన్ని వదలడం మొదలైంది. మార్చి 10, 11 తేదీల్లో వాయుసేన విమానాల్లో 549 మంది భారతీయుల్ని వెనక్కి తెచ్చారు. వాళ్లలో మేం ఐదుగురం గోదావరి జిల్లాల వాళ్లం.

కలిసి అంత నరకం చూశారు కదా, ఇక అన్నదమ్ముల్లా ఉంటారని అందరూ అనుకుంటారు. కాదండి. ఢిల్లీలో దిగగానే వాట్సాప్ గ్రూపు పెట్టుకున్నాం. కొన్నాళ్లకే అందులో గుడ్ మార్నింగ్‌లు కూడా ఆగిపోయాయి. ఇంకొకడి గొంతు వింటే చాలు, ఆ హాలు, ఆ కీబోర్డుల చప్పుడు వచ్చేస్తాయి. తణుకులో ఒకడు పెళ్లి చేసుకున్నాడు, మమ్మల్ని పిలవలేదు. మాలో ఎవరికీ కోపం రాలేదు. పెళ్లివారు 'మీకెక్కడ పరిచయం బాబూ' అంటే ఏం చెప్తాం? కాకినాడ అబ్బాయి సంగతి ఇంకా కష్టం. అక్కడ వాణ్ణి టీం లీడర్‌ని చేశారు. మాలో ఎవరు ఎంత తెచ్చారో, ఎవరు తేలేదో రాసి చైనా బాస్‌కి ఇచ్చేది వాడే. రాయకపోతే వాడికీ అవే షాకులు, అది మాకు తెలుసు. అయినా ఇక్కడికొచ్చాక వాడు ఫోన్ చేస్తే ఎవరం ఎత్తేవాళ్లం కాదు.

మొన్న రాత్రి మా ఐదుగురిలో రాజోలు వైపు కుర్రాడు, మేం తమ్ముడనే అంటాం, ఇంట్లోంచి వెళ్లిపోయాడు. ఫోన్ మంచం మీదే పెట్టేశాడు. వాళ్లమ్మగారు ఏడుస్తూ నాకు ఫోన్ చేశారు. స్టేషన్‌కి వెళ్తే 'మేజరే కదమ్మా, పొద్దున్న రండి' అన్నారట. నేను పాలకొల్లు నుంచి బయల్దేరుతూ నలుగురిలో మిగిలిన ముగ్గురికీ చేశాను, కాకినాడ వాడితో సహా. వాడు ఒక్క ప్రశ్న అడగలేదు. బండి స్టార్ట్ చేసిన చప్పుడే వినపడింది.

తమ్ముడు రావులపాలెంలో బస్సు దిగి, కాలువ గట్టు పట్టుకుని నడిచి లాకుల దగ్గర కూర్చున్నాడు. లస్కరు గారు నీటి మట్టం చూడ్డానికి వచ్చి, ఎవరో ఉన్నారని టార్చి వేశారు. వెలుగు పడగానే వీడు రెండు చేతులూ తలమీద పెట్టుకుని మోకాళ్ల మీద కూర్చుండిపోయాడు. అక్కడ గార్డులు టార్చి వేస్తే అలా కూర్చోవాలి. ఇంకొకరైతే దొంగనుకునేవాళ్లు, తాగుబోతనుకునేవాళ్లు. ఆయన టార్చి ఆర్పేశారు. నాలుగడుగులు వెనక్కి వెళ్లి గట్టుమీద కూర్చుని, "నేను ఇక్కడి లస్కర్ని బాబూ. నిన్నేం చెయ్యను" అన్నారు. ఎవరివి, ఎందుకొచ్చావు అని అడగలేదు. తన క్యారేజీలో అన్నం, చేపల పులుసు మూతలో పెట్టి, చెయ్యి చాచినంత దూరంలో ఉంచి, వెళ్లి మళ్లీ తన చోట కూర్చున్నారు.

ఇది రాస్తుంటే చేతులు వణుకుతున్నాయి. తెల్లవార్లూ ఆయన డ్యూటీ కూడా చూసుకోవాలి కదా. లాకు తలుపుల దగ్గరికి వెళ్లినా, గట్టు మీద తిరిగినా, మళ్లీ ఒక్కసారి కూడా టార్చి వెయ్యలేదు. వానాకాలం, గడ్డి నిండా పాములుంటాయి. 'మరి మీకు భయం వెయ్యలేదా' అని అడిగాను. "ముప్ఫయ్యేళ్ల నుంచి నడిచే గట్టేనండి. ఆ కుర్రాడికి వెలుగు పడట్లేదు మరి" అన్నారు. అంతే. ఈ దేశంలో దిగిన దగ్గర్నుంచి ఎంతోమంది మమ్మల్ని ప్రశ్నలడిగారు. మాకేది పడట్లేదో చూసింది ఈయనొక్కరే.

తెల్లారగట్ట తమ్ముడు తనంతట తనే నా నంబరు చెప్పాడు. ఆయన చిన్న ఫోన్ నుంచే మాకు కబురు వచ్చింది. అందరం చేరేసరికి, వాడు లేచి వెళ్లి కాకినాడ వాడి పక్కన కూర్చున్నాడు. మా అందరికంటే ఎక్కువ షాకులు తిన్నది వీడే, అవి వాడు రాసిన లెక్కల మీదే. నాకింకా అర్థం కాలేదు. నేను కాకినాడ వాడితో 'టీ తాగుతావా' అన్నాను, ఇన్ని నెలల్లో ఎదురుగా అన్న మొదటి మాట అదే. లస్కరు గారు మమ్మల్ని చూసి, "మీరంతా ఒకళ్లకొకళ్లు ఏమవుతారండి?" అన్నారు. ఎవరం నోరు విప్పలేకపోయాం. డబ్బులివ్వబోతే ఆయన పుచ్చుకోలేదు.

ఒక్కమాట అనకుండా ఉండలేను. సైబర్ మోసంలో డబ్బు పోగొట్టుకున్న వాళ్లకి 1930 హెల్ప్‌లైన్ ఉంది, ఉండాలి కూడా. కొట్టి ఆ మోసం చేయించిన మాలాంటివాళ్లు ఎవరికి ఫోన్ చెయ్యాలి? మమ్మల్ని అమ్మిన ఏజెంటు మీద ఫిర్యాదు ఇవ్వబోతే, డబ్బు కట్టింది వేరే జిల్లాలో కదా, అక్కడికి పొమ్మన్నారు. నేరం ఎక్కడ జరిగినా ఏ స్టేషన్లోనైనా ఫిర్యాదు తీసుకోవాలని 2024 జూలై నుంచి అమల్లో ఉన్న కొత్త చట్టమే చెబుతోంది. ఆ ఏజెంటు ఇప్పటికీ కుర్రాళ్లకి ఫోన్లు చేస్తూనే ఉన్నాడు. మాకు రాత్రులు నిద్ర ఎలా పడుతుందని ఒక్క ఆఫీసూ అడగలేదు. తమ్ముణ్ణి మనసు బాగోలేనివాళ్ల కోసం ప్రభుత్వం పెట్టిన 14416 టెలీ మానస్ హెల్ప్‌లైన్‌తో మాట్లాడించాం, తెలుగులోనే ఓపిగ్గా విన్నారు. వాళ్లకి కూడా థాంక్స్.

అమ్మ, బావ, తమ్ముడి అక్క రాత్రంతా తిరిగారు, వాళ్లకి వేరే చెప్పక్కర్లేదు.

అయ్యో, రావులపాలెం కాంప్లెక్సులో ఫోటో చూసి 'ఈ అబ్బాయి కాలువ వైపు వెళ్లాడు' అని చెప్పిన టీకొట్టు అక్కకి దండాలు. చేపల చెరువుల కాపలా గ్రూపుల్లో ఫోటో తిప్పిన భీమవరం వాళ్లందరికీ కూడా. సిద్ధాంతం దగ్గర బంకులో నా ఫోన్‌పే పని చెయ్యకపోతే 'తర్వాత ఇవ్వు అన్నా' అని పెట్రోలు కొట్టిన తమ్ముడూ, రేపు పొద్దున్నే వచ్చి ఇస్తాను.