ఊడ్పులకు వచ్చినవాళ్లని కాయితాలు అడగడం గురించి

సంపాదకుడు గారికి,

నమస్కారం. పోయిన వారం మా ఊరి రామాలయం అరుగు మీద పెద్దమనుషులు కూర్చుని ఒక మాట అనుకున్నారు. ఊడ్పులకి బెంగాల్ నుంచి వచ్చిన ముఠాలవాళ్లు తలా ఒక ఆధార్ జిరాక్సు ఇవ్వాలి, అసలు కార్డు చేలో ఉన్నా సరే దగ్గర పెట్టుకోవాలి, ఊళ్లోవాడు ఎవడో ఒకడు వీళ్లకి పూచీ పడాలి, కాయితం లేనివాడికి పని లేదు. వినడానికి పెద్ద తప్పుగా ఏమీ అనిపించదు, నేనూ అక్కడే ఉండి నోరెత్తలేదు. ఇంటికొచ్చాక మాత్రం నిద్ర పట్టలేదు. రిటైరయ్యేదాకా హైస్కూల్లో సోషల్ చెప్పినవాణ్ణి, ఈ షరతులు నేనెక్కడో చదివినవే.

1892లో అమెరికాలో గియరీ చట్టం అని ఒకటి తెచ్చారు. అక్కడున్న చైనా కూలీలంతా పేరు రాయించుకుని సర్టిఫికెట్ దగ్గర పెట్టుకునే తిరగాలి, లేకుండా దొరికితే అరెస్టు, ఏడాది దాకా కఠిన శిక్ష, ఆ తర్వాత దేశం నుంచి గెంటివేత. ఫలానా కారణం వల్ల తీసుకోలేకపోయానని చెప్పుకోవాలన్నా ఒక తెల్లవాడు వచ్చి సాక్ష్యం చెప్పాలి. దాన్ని కుక్క మెడలో బిళ్లతో పోల్చి తిట్టుకున్నారు. ఎవరూ పేర్లు రాయించుకోవద్దని వాళ్ల సంఘాలు గట్టిగానే నిలబడ్డాయి గానీ, 1893లో సుప్రీంకోర్టు చట్టం సరైనదే అనేసింది.

అంతకుముందు పాతికేళ్ల క్రితం వీళ్లని పిలిచి పనిచ్చింది కూడా ఆ దేశమే. సియెరా నెవాడా కొండల్ని తొలిచి రైలుమార్గం వేసింది ఎక్కువగా చైనావాళ్లే, తెల్లకూలీకన్నా తక్కువ జీతం, పైగా తిండి ఖర్చు వాళ్లదే. 1867 జూన్‌లో వేలమంది పని ఆపేసి సమాన జీతం అడిగితే కంపెనీ ఏం చేసిందో తెలుసా, కొండల మీదకి వెళ్లే సరుకులు ఆపేసింది. వారంరోజులకి కడుపు మాడి మళ్లీ గడ్డపార పట్టారు. 1869లో లైను పూర్తయింది. ఆ తర్వాత వాళ్ల మీద పడ్డ నేరం ఏమిటంటే, చవగ్గా చేసి మన నోటి దగ్గర కూడు తీస్తున్నారని! 1882లో చైనా కూలీలు రాకుండా పదేళ్లు నిషేధం పెట్టారు, 1885లో వయోమింగ్‌లోని రాక్ స్ప్రింగ్స్ బొగ్గు గనుల దగ్గర 28 మందిని చంపేశారు, ఆ నిషేధం తీసేసేసరికి 1943 అయింది. అదైనా జపాన్ మీద యుద్ధంలో చైనా తోడు కావాల్సి వచ్చి. తీసేసి ఇచ్చిన కోటా ఏడాదికి 105 మంది.

మా అరుగు మీద కూడా ఇదే మాట, వీళ్లొచ్చి రేటు చెడగొట్టారని. ఎకరానికి ఇంత అని మేస్త్రీతో బేరమాడింది మనం, రేటు చెడగొట్టింది వాళ్లా?

ఇక్కడ నాకు నవ్వొచ్చే సంగతి ఇంకోటుంది. అదే అరుగు మీద అదే మనుషులు, 2025 సెప్టెంబరులో అమెరికా కొత్త హెచ్1బీ ఉద్యోగ వీసాకి లక్ష డాలర్ల ఫీజు అనగానే మన పిల్లలకి ఎంత అన్యాయమని ఊగిపోయారు. అన్యాయమే, కాదన్నవాణ్ణి కాదు. చైనావాళ్ల మీద మొదలైన ఆ నిషేధమే 1917కి మన దేశం దాకా పాకిందని, 1946లో మనకి విడిచిపెట్టిన కోటా ఏడాదికి వంద మందేనని ఎవరికీ పట్టదు.

అంతదూరం ఎందుకు. మాది పాత ఓడరేవు కోరంగికి కూతవేటు దూరం. ఇక్కణ్ణుంచి ఓడెక్కి రంగం, అంటే రంగూన్, వెళ్లినవాళ్లు ఎంతమందంటే బర్మాలో తెలుగువాడి పేరే కొరంగీ అయిపోయింది. 1930 మేలో రంగూన్ రేవులో మనవాళ్లు సమ్మె చేస్తే బర్మా కూలీల్ని పెట్టుకున్నారు, సమ్మె తెగి మనవాళ్లు పనిలోకి రాగానే గొడవై ఊరంతా మనవాళ్లని వెంటబడి కొట్టి చంపారు. మా తాత రేవు పని చేసి తెచ్చుకున్న టేకు పెట్టె ఇప్పటికీ మా వసారాలో ఉంది, అందులో మా ఆవిడ చింతపండు పోసుకుంటుంది. అక్కడి సంగతులు ఆయన ఎప్పుడూ చెప్పేవాడు కాదు.

పోనీ మన దేశం ఏమన్నా తక్కువ తిందా, 1962 యుద్ధం వస్తే అస్సాంలో, బెంగాల్‌లో తరాలుగా ఉన్న చైనా సంతతివాళ్లని సుమారు 3,000 మందిని రాజస్థాన్‌లోని దేవ్‌లీ క్యాంపుకి తోలారు.

మొన్న మా చేలో నారు కట్టలు విసురుతున్న కుర్రాడొకడు నన్ను చూడగానే పని ఆపి, తలగుడ్డ విప్పి, పాలిథిన్ కవర్లో మడిచి పెట్టుకున్న కార్డు తీసి చూపించాడు. నేను అడగలేదు. చేతులకి బురద, కార్డుకి అంటకుండా రెండు వేళ్ల కొసలతో పట్టుకున్నాడు. ఇరవై ఏళ్లుంటాయేమో.

ఎవరొచ్చారో తెలియాలంటే మేస్త్రీ దగ్గర పేర్లు రాసుకుంటే సరిపోతుంది, మన ఊరి ముఠాలకి ఇన్నాళ్లూ అదే చేశాం. ఆదివారం మళ్లీ కూర్చుంటున్నారట. ఈలోగా మీరు ఈ ఉత్తరం అచ్చువేస్తే అక్కడ పేపరు తీసి చదువుతాను. నోటితో చెబితే మేష్టారు మళ్లీ పాఠం మొదలెట్టాడంటారు.

ఇట్లు,
ఒక రిటైర్డ్ టీచర్,
తాళ్లరేవు మండలం, కాకినాడ జిల్లా